535 నుంచి 500కి

విజయనగరం పిన్‌కోడ్ 535తో మొదలవుతుంది, హైదరాబాద్‌ది 500తో. ముప్పయ్యారేళ్లు తపాలా శాఖలో పనిచేసి సబ్ పోస్టుమాస్టరుగా దిగిపోయినవాణ్ణి. ఊరు మారడమంటే నాకు ముందుగా తట్టేది ఆ అంకెలే. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చేనాటికి నాకు పదేళ్లు. ఆ ఆరంకెలు ఉత్తరాన్ని ఇల్లు చేరుస్తాయిగానీ మనిషిని చేర్చవని అరవై దాటాక తెలిసింది.

మా ఆవిడ పోయిన ఏడాదికి మియాపూర్‌లో అబ్బాయి దగ్గరికి వచ్చేశాను. ఏడో అంతస్తు. విజయనగరంలో మూడు లాంతర్ల నుంచి గంటస్తంభానికి నిండా పది నిమిషాలు పట్టని దారి, నాకు మాత్రం గంట పట్టేది. ఎదురైన ప్రతివాడూ 'ఏటి మేస్టారూ, మా మనియార్డరు సంగతేటి?' అని నిలబెట్టేసేవాడు. ఇక్కడ మొదటి మూడు నెలలూ అబ్బాయీ కోడలూ కాక నాతో రోజూ పలికింది లిఫ్టు ఒక్కటే. తలుపులు మూసుకుంటున్నాయని చెప్పేది, అదీ ఇంగ్లిషులో.

ప్రయత్నం చెయ్యలేదని కాదు. పార్కుకి వెళ్లాను, నడిచేవాళ్లందరి చెవుల్లోనూ ఏదో ఒకటి ఉంది. అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో చేర్చారు. పొద్దున్నే గులాబీపూలతో శుభోదయాలు వచ్చి పడేవి, పంపినవాళ్లలో ఒక్క ముఖమూ తెలీదు. భాష సంగతి సరేసరి. సందు చివర టీకొట్టతను మొదటిరోజే 'కూసో సార్, చాయ్ తాగు' అన్నాడు. సార్ అంటూనే తాగు అంటాడేటని మనసు చివుక్కుమంది. ఇక్కడి మాటలో 'నువ్వు' దగ్గరతనమేగాని చిన్నచూపు కాదని అర్థం కావడానికి కొన్నాళ్లు పట్టింది. నేను మాటమాటకీ తగిలించే 'అండీ' అతనికెలా వినబడిందో! ఏదో పనుండి వచ్చిన ఆఫీసరనుకున్నాడట, తర్వాత చెప్పాడు.

అసలు మలుపు వాచ్‌మన్ బల్ల మీద ఉంది. కింద గోడకి ఉత్తరాల పెట్టెలున్నాయి. తాళాలు పోయి, కొన్నిటికి తలుపులే ఊడిపోయి, ఎవరూ వాడరు. వచ్చిన కవర్లన్నీ అతని బల్ల మీద కుప్ప. బ్యాంకులవీ బీమావీ పెళ్లి శుభలేఖలూ, వాటి మీద టీ గ్లాసు మరకలు. చూస్తూ ఊరుకోలేకపోయాను. ఒక మధ్యాహ్నం కుర్చీ లాక్కుని కూర్చుని అంతస్తుల వారీగా సార్టింగ్ చేసేశాను. చేతులకి ఆ పని ఇంకా గుర్తుంది. కవరు బొటనవేలి కింద జారుతుండగానే కళ్లు చిరునామా చదివేస్తాయి. రబ్బరుబ్యాండు వేసి, తలుపులు తట్టి ఇచ్చి వచ్చాను.

మూడో అంతస్తులో తలుపు తీసినాయన సింగరేణిలో చేసి రిటైరైన మనిషి, ఊరు మందమర్రి. ఆయన కవరు మూడు వారాలుగా కుప్పలో నానుతోంది. అక్కడే చింపి చదివి నన్ను ఎగాదిగా చూశారు.

'బతికున్ననని కాయితం ఇయ్యాల్నంట సార్. ఇగో, నీ ముంగట్నే ఉన్న గద!'

లైఫ్ సర్టిఫికెట్ గొడవ అది. తపాలావాళ్లు వేలిముద్ర తీసుకుని డిజిటల్‌గా చేసిపెడతారని చెప్పి మర్నాడు పోస్టాఫీసుకి తీసుకెళ్లాను. వేలు యంత్రానికి అందలేదు. బొగ్గు పనిలో రేఖలు అరిగిపోయాయట. నాలుగోసారి పడింది. 'బతికిన!' అని ఆయన అరిస్తే క్యూ అంతా నవ్వింది. తిరిగొస్తూ నన్ను 'అన్నా' అన్నారు. నాకంటే రెండేళ్లు పెద్దవారు, అయినా ఊరుకున్నాను.

కోడలు సైకాలజీ లెక్చరరు. ఈ సంగతి చెబితే, 'మావయ్యా, మీరు చేసింది పుస్తకాల్లో ఉంది' అంది. ఫెస్టింజర్ అనే ఆయనా మరో ఇద్దరూ అమెరికాలో ఎంఐటీ విద్యార్థుల కాపురాల కాలనీలో ఎవరెవరు స్నేహితులయ్యారో లెక్కతీసి 1950లో పుస్తకం వేశారు. పక్క తలుపువాళ్లలో దగ్గర స్నేహితులైనవాళ్లు నూటికి 41 మంది, ఒక ఇల్లు మధ్యనుంటే 22, వరసకి ఆ చివరా ఈ చివరా ఉంటే 10. మెట్ల దగ్గరా ఉత్తరాల పెట్టెల దగ్గరా ఉన్న ఇళ్లవాళ్లకి పైఅంతస్తువాళ్లతోనూ స్నేహాలు ఎక్కువ. ఉత్తరాల పెట్టెలట! ఇన్నేళ్ల సర్వీసులో మా శాఖని ఇంత గొప్పగా పొగిడిన కాగితం నేను చూడలేదు. కానీ ఆ ఇళ్లు రెండంతస్తులవి. తొమ్మిదంతస్తుల్లో లిఫ్టు ఎక్కితే పక్కింటివాడూ ఎదురుపడడు. అంచేత పేపరు చదవడం బాల్కనీలోంచి కింద గేటు పక్క బెంచీ మీదికి మార్చాను, రోజూ ఒకే వేళకి. మందమర్రి ఆయన కూడా దిగడం మొదలెట్టారు.

ఇంకో లెక్క కూడా చెప్పింది. కాన్సస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ అనే ఆచార్యుడు, కొత్త ఊరికి మారి ఎన్నాళ్లో కానివాళ్లనే అడిగి 2018లో తేల్చాడట. ముఖపరిచయం పైపై స్నేహమనిపించుకోవడానికి సుమారు 50 గంటలు కలిసి గడపాలి, ప్రాణస్నేహానికి 200 దాటాలి. ఆఫీసులో తప్పనిసరై పక్కపక్కన కూర్చున్న గంటలకి అంత విలువ లేదట. అంకెలు దొరికాక నేను ఊరుకుంటానా? బెంచీ మీద రోజుకి నలభై నిమిషాలు. 50 గంటలకి 75 రోజులు, 200కి 300. నాలుగు ఆదివారాల్లో స్నేహితులు దొరకలేదని దిగులుపడే కుర్రాళ్లకి ఈ లెక్క చూపించాలనిపిస్తుంది. మా అబ్బాయి ఆఫీసులో అలాంటివాళ్లు ఉన్నారు.

నా యాస విని నవ్వుకుంటారేమోనన్న బెంగకీ పరిశోధన ఉందట. కొత్తవాళ్లతో మాట్లాడొచ్చాక, వాళ్లకి మనం నిజంగా ఎంత నచ్చామో దానికంటే తక్కువే నచ్చామని అనుకుంటామట. నమ్మకం కుదరక మందమర్రి ఆయన్నే అడిగేశాను. 'నీ మాట సగం సమజ్ కాలే. మంచిగనే ఉండె' అన్నారు.

అన్నీ కుదిరిపోయాయని కాదు. సాయంత్రం ఆరున్నరకి, మా ఆవిడ టీ పెట్టే వేళకి, ఈ ఊళ్లో ఇప్పటికీ ఏం చెయ్యాలో తోచదు. బెంచీ పొద్దుటిది, ఆ వేళకి పనికిరాదు.

మొన్న దసరా వెళ్లాక పైడితల్లమ్మ సిరిమానుకని విజయనగరం వెళ్లి పదిరోజులుండి వచ్చాను. ఆటో దిగి చూస్తే వాచ్‌మన్ బల్ల మీద కవర్లు అంతస్తుల వారీగా కట్టలు కట్టి ఉన్నాయి. రబ్బరుబ్యాండు దొరకలేదేమో, కొబ్బరితాడుతో బిగించారు. బొగ్గుగని ముడి, విప్పడానికి చాలాసేపు పట్టింది. 702 కట్టలో 207 వాళ్ల కవరొకటి కలిసిపోయింది. ఎవరూ చూడకుండా తీసి మార్చేశాను.