అద్దె మోటారు సైకిలుపై అరకు – కొరాపుట్ యాత్ర: బయలుదేరే ముందు తెలుసుకోవలసినవి

కార్తిక మాసం వచ్చేసరికి తూర్పు కనుమలలో వలిసె చేలు పసుపు దుప్పటి కప్పుకుంటాయి. తెల్లవారుజామున లోయలన్నీ మంచుతో నిండి, పొద్దెక్కేకొద్దీ ఒక్కొక్క కొండ బయటపడుతుంది. ఈ దృశ్యాన్ని చూడడానికి ఒకప్పుడు కుటుంబాలు కిరండూల్ పాసింజరు రైలులోనో, ఆర్టీసీ బస్సులోనో వెళ్ళేవి. ఇప్పుడు యువకులు విశాఖపట్నంలో రోజువారీ అద్దెకు మోటారు సైకిలు తీసుకుని, నచ్చినచోట ఆగుతూ, కొరాపుట్ దాకా వెళ్ళి వస్తున్నారు. సరిహద్దు గ్రామాల పిల్లలూ ఇందుకు మినహాయింపు కాదు.

ఇందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. ఆ దారి ద్విచక్ర వాహనంపై చూడదగినదే. అయితే అద్దె బండి పడిపోతే నష్టం ఎవరిది అనే ప్రశ్న బయలుదేరే వేళ ఎవరికీ తోచదు. ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడినప్పుడు తోస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు ముందుగానే తెలిసి ఉండటం ప్రతి కుటుంబానికీ అవసరం.

దారి స్వరూపం

విశాఖపట్నం నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట వరకు దారి మైదానంలో సాగుతుంది. బొడ్డవర దాటిన తర్వాత అనంతగిరి ఘాట్ మొదలవుతుంది. టైడా, అనంతగిరి, గాలికొండ, సుంకరమెట్ట మీదుగా మలుపుల వెంట మలుపులు ఎక్కి అరకు లోయ చేరాలి. దారి పొడవునా సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ చెట్లను అల్లుకున్న మిరియాల తీగలు కనిపిస్తాయి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. సున్నపురాతి కొండలో గోస్తనీ నది నీరు తొలిచిన బొర్రా గుహలు ఈ మార్గానికి కొద్దిగా పక్కన ఉన్నాయి.

అరకు దాటి పాడువా, నందపురం, సెమిలిగుడ మీదుగా వెళితే కొరాపుట్ వస్తుంది. నందపురం ఒకనాడు జయపురం రాజుల రాజధాని. అక్కడి బత్తీస సింహాసనం ప్రసిద్ధం. సెమిలిగుడకు సమీపాన ఒడిశాలో అత్యున్నతమైన దేవమాలి శిఖరం, 1,672 మీటర్ల ఎత్తున, గడ్డి మైదానాలతో నిలిచి ఉంది. తిరుగు ప్రయాణానికి పొట్టంగి, సుంకి, సాలూరు, విజయనగరం మీదుగా 26వ నంబరు జాతీయ రహదారి ఉంది. ఆ సుంకి ఘాట్‌లో బరువు లారీల రాకపోకలు ఎక్కువ.

ఈ కొండలు తెలుగువారికి పరాయివి కావు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు కొరాపుట్, జయపురం ప్రాంతాలు మద్రాసు రాష్ట్రపు విశాఖపట్నం జిల్లాలో అంతర్భాగాలు. నేటికీ జయపురం, రాయగడ, గుణుపురం పట్టణాలలో తలతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. నదికి కూడా ఈ హద్దు పట్టలేదు. ఎగువన మత్స్యగెడ్డగా పుట్టిన నీరే సరిహద్దులో మాచ్‌ఖండ్ అవుతుంది, దిగువన సీలేరు అవుతుంది. అయితే నదికి లేని హద్దు మోటారు సైకిలుకు ఉంది. ఆ సంగతి తరువాత చూద్దాం.

అసలైన అద్దె బండి ఏది?

డబ్బు తీసుకుని ఎవరికి వారే నడుపుకొనేందుకు మోటారు సైకిలు ఇవ్వడం చట్టం గుర్తించిన వ్యాపారమే. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 75వ సెక్షను కింద కేంద్ర ప్రభుత్వం 1997లో 'రెంట్ ఎ మోటార్ సైకిల్ స్కీం' ప్రకటించింది. దాని ప్రకారం ఈ వ్యాపారం చేసేవారికి రవాణా శాఖ ఇచ్చే లైసెన్సు ఉండాలి. బండి రవాణా వాహనంగా నమోదై ఉండాలి.

దీనిని గుర్తుపట్టడం చాలా తేలిక. సొంత వాడకపు బండికి తెల్లని పలకపై నల్లని అక్షరాలు ఉంటాయి. టాక్సీకి పసుపు పలకపై నల్లని అక్షరాలు ఉంటాయి. ఎవరికి వారే నడుపుకొనే అద్దె బండికి నల్లని పలకపై పసుపు అక్షరాలు ఉంటాయి. తెల్ల పలక బండిని అద్దెకు ఇస్తున్నారంటే అది నిబంధనలకు విరుద్ధమని అక్కడికక్కడే గ్రహించాలి.

నాలుగు వందలు తక్కువకు వస్తుందని తెల్ల పలక బండి తీసుకునేవారు ఒక విషయం మరచిపోతారు. సొంత వాడకపు బండి బీమా పత్రంలో, అద్దెకు గాని ప్రతిఫలానికి గాని వాడరాదన్న షరతు ఉంటుంది. ఆ షరతు ఉల్లంఘించినప్పుడు బీమా సంస్థ బాధ్యతను నిరాకరించవచ్చు. ఎదుటివారికి పరిహారం ముందు చెల్లించి, పిదప ఆ సొమ్మును బాధ్యుల నుంచి రాబట్టుకోమని న్యాయస్థానాలు ఆదేశించిన సందర్భాలూ ఉన్నాయి.

బీమా ఎవరికి వర్తిస్తుంది?

ఇది ఈ విషయమంతటికీ మూలం. బండికి బీమా ఉందని దుకాణదారు చెప్పగానే, బండెక్కిన ప్రతివారికీ బీమా ఉన్నట్టేనని పలువురు భావిస్తారు. అది పొరపాటు.

చట్టం తప్పనిసరి చేసినది థర్డ్ పార్టీ బీమా. బండి వల్ల దారిన పోయేవారికి, ఇతర వాహనాల వారికి కలిగే నష్టానికి అది వర్తిస్తుంది. నడిపేవాడు తనంతట తాను మలుపులో జారి పడితే ఆ బీమా అతనికి అక్కరకు రాదు. దీనికి తోడు యజమాని పేర 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా ఉండవచ్చు. అది బండి యజమాని తానే నడిపేటప్పుడు అతనికి వర్తించేది. అద్దెకు తీసుకున్నవాడు యజమాని కాడు. వెనుక కూర్చున్న స్నేహితుని పరిస్థితి మరీ కష్టం. పత్రం కేవలం థర్డ్ పార్టీది అయితే అతనికి రక్షణ ఉండదు. ప్యాకేజీ పాలసీ అయితేనే ఉంటుంది.

కర్ణాటకలో జరిగిన ఒక ఉదంతం దీనిని స్పష్టం చేస్తుంది. ఒక వ్యక్తి మరొకరి మోటారు సైకిలు అడిగి తీసుకుని, ఇల్‌కల్ నుంచి తన ఊరికి వెళుతూ, ఇనుప రేకులు తీసుకుపోతున్న ఎడ్లబండిని ఢీకొని మరణించాడు. కుటుంబం నాడు అమలులో ఉన్న 163-ఎ సెక్షను కింద బీమా సంస్థ నుంచి పరిహారం కోరింది. 2009లో సుప్రీంకోర్టు, బండిని అడిగి తీసుకున్నవాడు యజమాని స్థానంలో నిలిచినట్టేనని, ఆ సెక్షను కింద యజమాని బండి బీమా నుంచి పరిహారం పొందజాలడు గనుక ఇతని వారసులకూ అది రాదని తీర్పు చెప్పింది. వేరొక సెక్షను కింద పరిశీలించడానికి మాత్రం హైకోర్టుకు తిప్పి పంపింది. ఆ బండి అద్దెది కాదు, ఊరికే తీసుకున్నది. అయినా సూత్రం గమనించదగినది. తాళం చేతిలోకి వచ్చిన క్షణాన యజమాని బాధ్యత కూడా చేతిలోకి వస్తుంది.

దీనికి పరిష్కారం ఖరీదైనది కాదు. బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్ళ వయసువారెవరైనా ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేరవచ్చు. ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 2 లక్షల రూపాయలు లభిస్తాయి. కుటుంబంలో ప్రయాణం చేసే ప్రతివారి పేరా అది అమలులో ఉన్నదో లేదో పాసుపుస్తకం చూసి నిర్ధారించుకోవాలి. ఇంతకంటే పెద్ద మొత్తానికి వ్యక్తిగత ప్రమాద బీమా విడిగా తీసుకోవచ్చు.

దుకాణం దగ్గర చేయవలసిన పని

లైసెన్సు విషయంలో సూక్ష్మం ఒకటి ఉంది. గేరు లేని స్కూటరుకు ఇచ్చిన లైసెన్సుతో గేర్ల మోటారు సైకిలు నడపరాదు. లెర్నర్ లైసెన్సుతో అద్దె బండి తీసుకోవడమూ తగదు. 18 ఏళ్ళు నిండని పిల్లవాడు నడుపుతూ పట్టుబడితే, 2019 సవరణ ప్రకారం సంరక్షకునికి, బండి యజమానికి 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు.

బండి తీసుకునే ముందు రిజిస్ట్రేషను, బీమా, పర్మిట్, కాలుష్య ధ్రువపత్రాల గడువులు చూడాలి. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే బీమా గడువు తెలుస్తుంది. ముందు వెనుక బ్రేకులు, హారను, దీపాలు, టైర్ల అరుగుదల పరీక్షించాలి. ఉన్న గీతలు, సొట్టలన్నీ దుకాణదారు ఎదుటే ఫొటో తీసుకోవాలి. తిరిగి ఇచ్చేటప్పుడు వచ్చే తగాదాలలో సగం దీనితోనే తీరిపోతాయి.

హామీగా అసలు ఆధార్ కార్డు, అసలు లైసెన్సు ఇచ్చి వెళ్ళడం మంచిది కాదు. నకలు ఇచ్చి, డబ్బు డిపాజిట్ చేసి, రసీదు పుచ్చుకోవాలి. ప్రమాదం జరిగితే మరమ్మతు ఖర్చు ఎవరు భరించాలి, బండి షెడ్డులో ఉన్న రోజులకు అద్దె కట్టాలా అన్న రెండు షరతులు చదవకుండా సంతకం చేయరాదు.

సరిహద్దు దాటే వేళ

అద్దె బండి రవాణా వాహనం గనుక దానికి పర్మిట్ ఉంటుంది. అది ఏ ప్రాంతానికి చెల్లుతుందో పర్మిట్‌లోనే రాసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌కే పరిమితమైన పర్మిట్‌తో పాడువా వైపు దాటితే అది పర్మిట్ లేని ప్రయాణమే అవుతుంది. జరిమానాతో పోతే సరే. ప్రమాదం జరిగితే బీమా సంస్థకు అభ్యంతరం చెప్పడానికి మరొక కారణం దొరుకుతుంది. కొరాపుట్ వెళ్ళే ఉద్దేశం ఉంటే ఆ మాట దుకాణంలో ముందే చెప్పి, ఒప్పందంలో రాయించుకోవాలి. అనుమతి లేదంటే అరకు నుంచి వెనుదిరగడమో, అవతలి వైపు బస్సులో చూసి రావడమో మేలు.

ఘాట్‌లో పాటించవలసినవి

మైదానంలో ఎంత చేయి తిరిగినవారికైనా ఘాట్ వేరు విద్య. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలన్నది కొండదారి డ్రైవర్ల మాట. పెట్రోలు ఆదా అని ఇంజను ఆపి, లేదా న్యూట్రల్‌లో దిగితే భారమంతా బ్రేకులపై పడి, అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. ఇరుకు దారిలో ఎక్కే వాహనానికి దిగే వాహనమే ఆగి దారి ఇవ్వాలి. మూల మలుపుల దగ్గర హారను మోగించి, తన ఎడమకే కట్టుబడి ఉండాలి. వర్షాకాలంలో జారిపడిన మట్టి, నాచు పట్టిన అంచులు ప్రమాదకరం. మంచు పడినప్పుడు దూరపు దీపం వేస్తే వెలుగు మంచుపై చెదిరి దారి కనిపించదు. దగ్గరి దీపమే వాడాలి. చీకటి పడకముందే బస చేరుకోవాలి.

ఐఎస్ఐ ముద్ర ఉన్న హెల్మెట్ నడిపేవారికే కాదు, వెనుక కూర్చున్నవారికీ చట్టప్రకారం తప్పనిసరి. ముగ్గురు ఎక్కడం నేరం. మద్యం సేవించి నడపడం చట్టరీత్యా నేరమే కాక, బీమా హక్కులకూ చేటు తెస్తుంది. పెట్రోలు బంకులు దూరదూరంగా ఉంటాయి గనుక కనిపించినచోట నింపుకోవాలి. సెల్‌ఫోను సంకేతాలు అందని చోట్లు ఉంటాయి గనుక, ఏ దారిన వెళుతున్నదీ ఇంట్లో చెప్పి వెళ్ళాలి.

ప్రమాదం జరిగితే 108 లేదా 112కు ఫోను చేయాలి. 2025 మే నెలలో కేంద్రం ప్రకటించిన పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు నిర్దేశిత ఆసుపత్రులలో ఏడు రోజుల వరకు, లక్షా 50 వేల రూపాయల మేరకు నగదు చెల్లించనవసరం లేని చికిత్స లభిస్తుంది. పోలీసులకు తెలియజేయడం అందుకూ, తదుపరి పరిహారానికీ అవసరం.

అతిథి మర్యాద

ఈ దారి వెంట కనిపించే ఊళ్ళు ప్రదర్శనశాలలు కావు. కొండదొరలు, పోర్జాలు, బగతలు, కోటియాలు నివసించే ఇళ్ళు అవి. కొరాపుట్ గిరిజనుల సంప్రదాయ వ్యవసాయాన్ని ప్రపంచ వారసత్వ వ్యవసాయ విధానాలలో ఒకటిగా ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో గుర్తించింది. అలాంటి పొలాల గట్లపై బండ్లు తోలడం, సంతకు వచ్చిన స్త్రీలను అడగకుండా ఫొటోలు తీయడం, వలిసె చేలు తొక్కడం తగని పనులు. ఆ పూలు రాలిన తర్వాత వచ్చే గింజలపైనే రైతు ఆశ. దారిపై ఆవులు, మేకలు, బడికి నడిచే పిల్లలు ఉంటారు. ఊరు కనిపించగానే వేగం తగ్గించాలి.

పిల్లలు ప్రయాణం కడతామంటే వద్దని ఆపడం కంటే, కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడగడం మేలు. బండి పలక ఏ రంగు? లైసెన్సు ఆ బండికి చెల్లుతుందా? పర్మిట్ ఎక్కడి వరకు? నీ పేర బీమా ఉందా? నాలుగింటికీ సరైన జవాబు వస్తే, హెల్మెట్ చేతికిచ్చి సంతోషంగా సాగనంపవచ్చు. రాకపోతే ప్రయాణం ఒక వారం వాయిదా వేయడం మంచిది. వలిసె పూలు మరుసటి వారమూ ఉంటాయి.