బిందె నడుము మీద ఒదుగుతుంది, క్యాను ఎందుకు ఒదగదు?

మాది పావగడ తాలూకా మంగళవాడ. ఉండేది కర్ణాటకలో అయినా మా ఇంట్లో మాట తెలుగే. మా పక్క బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. అందుకని తాగేనీళ్లు శుద్ధనీళ్ల ఘటకం నుంచి 20 లీటర్ల క్యానులో తెచ్చుకుంటాం. నీళ్ల బరువే 20 కిలోలు. బిందె అయితే అమ్మ నడుము మీద పెట్టుకుని, దాని మెడ చుట్టూ చెయ్యి వేసి నడిచేస్తుంది. క్యాను అలా నిలవదు. అది ఆఫీసుల్లో స్టాండు మీద బోర్లించడానికి తగ్గట్టు చేసిన వస్తువు. ఆడవాళ్లు నడుము మీద మోస్తారని ఎవరూ అనుకోలేదు.

"ఈ వస్తువు ఎవరి చేతిలోకి పోతుంది?" అని ముందే అడగడం నేర్పే చదువు ఒకటుంది. అదే ప్రొడక్ట్ డిజైన్. ఇంటర్ లేదా పీయూసీ తర్వాత నాలుగేళ్ల డిగ్రీ, బి.డిజైన్. మోటారు తిరిగేలా చూడటం ఇంజనీరు పని. ఆ మిక్సీ మూత తడిచేత్తో తీయగలమా అని చూడటం డిజైనరు పని.

మన దేశంలో ఈ చదువుకు మొదట్లోనే ఒక చెంబు ఉంది. ప్రభుత్వం పిలిస్తే అమెరికా నుంచి వచ్చిన చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు 1958లో ఒక నివేదిక ఇచ్చారు. మన చెంబును చూపించి, దాన్ని మోసేది తలమీదా నడుము మీదా, నిండుగా ఉంటే తూకం ఎలా, ఖాళీ అయితే ఎలా అని వరసగా ప్రశ్నలు వేశారు. ఆ నివేదిక ఫలితంగానే 1961లో అహ్మదాబాదులో ఎన్‌ఐడీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐడీ 2015లో మొదలైంది. హైదరాబాద్ ఐఐటీలోనూ బి.డిజైన్ ఉంది.

మొదటి ఏడాది బొమ్మ గీయడం, రంగులు, మట్టి, చెక్క, కాగితంతో నమూనాలు చేయడం. తర్వాత వస్తువు వాడేవాళ్ల దగ్గరికి వెళ్లి చూడటం, చేసిన నమూనా వాళ్ల చేతికిచ్చి లోపాలు దిద్దడం. చివర్లో సొంత ప్రాజెక్టు. ఒక జాగ్రత్త: ఈ రోజుల్లో సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఫోను యాప్‌ల డిజైన్‌నూ ఇదే పేరుతో పిలుస్తున్నాయి. చేరేముందు సిలబస్ చూసుకోవాలి.

ప్రవేశానికి ఎన్‌ఐడీకి డ్యాట్, ఐఐటీలకు యూసీడ్ రాయాలి. ఈ పరీక్షలు ఆర్ట్స్, కామర్స్ వాళ్లూ రాయొచ్చు. సీటు దగ్గర మాత్రం కొన్ని సంస్థలు సైన్సు అడుగుతాయి. యూసీడ్ ప్రశ్నపత్రం ఇంగ్లీషులో ఉంటుంది, వయసు హద్దు ఉంది, రెండుసార్లకు మించి రాయనివ్వరు. ఫీజులూ తక్కువేం కాదు. స్కాలర్‌షిప్ సంగతి ముందే కనుక్కోవాలి.

మా చెల్లెలు సెకండ్ పీయూసీ ఆర్ట్స్. "బొమ్మలు గీస్తే అన్నం పెడతాయా?" అంటున్నాడు నాన్న. ఆయనకు నేనింకా జవాబు చెబుతూనే ఉన్నాను. మిక్సీ, కుర్చీ, ఆస్పత్రి మంచం, పిల్లల బొమ్మ, అన్నీ ఎవరో ఒకరు జీతం తీసుకుని ఆలోచించినవే అని. ఆ ఆలోచించేవాళ్లలో బిందె మోసిన ఆడపిల్ల ఒకతి ఉంటే, రేపటి క్యానుకు ఒక వంపు వస్తుంది.

మనకు వయసు దాటుతోంది గానీ, మీ ఇంట్లో పీయూసీ, ఇంటర్ చదివే చెల్లెళ్లుంటే ఈ సంగతి వాళ్ల చెవిన వేయండి.