జోలె పట్టిన చేయి

విరాళాలు వసూలు చేయడం సులభమైన పని కాదు. రసీదు పుస్తకం చేతబట్టి ఇంటింటికీ తిరిగిన విద్యార్థులకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఏ సంఘం మీది, ఎవరి కోసం ఈ వసూలు, లెక్క ఎవరు చూస్తారు అని గుమ్మంలోనే మూడు ప్రశ్నలు ఎదురవుతాయి. ఇట్లా అడిగేవారిని పిసినారులని అనుకోవడం మనకు పరిపాటి. మా అభిప్రాయంలో వారు అడగవలసినదే అడుగుతున్నారు. ముఖ్యంగా రెండవ ప్రశ్న, అనగా ఎవరి కోసం అన్నది, ధర్మసంస్థలన్నిటికీ అగ్నిపరీక్ష వంటిది. ఆ ప్రశ్న దగ్గరనే ఒక యువకుడు తన వారితో విభేదించి, వీథిలోనికి వచ్చి, ఒక చిన్న దవాఖానా తెరచినాడు. కరాచీ నగరంలో మీఠాదర్ అనే పాత పేటలో 1951లో జరిగిన ఆ ఘటన నుండి పుట్టినదే నేటి ఈధీ ఫౌండేషన్.

అబ్దుల్ సత్తార్ ఈధీ 1928లో కాఠియావాడ్ ప్రాంతాన, జునాగఢ్‌కు సమీపంలోని బాంట్వా అనే ఊరిలో జన్మించినారు. వారిది వర్తకం వృత్తిగా గల మెమన్ కుటుంబం. బడికి పోయేటప్పుడు తల్లి రెండు పైసలిచ్చి, ఒకటి తనకు, రెండవది తనకంటె లేని పిల్లవానికి అని చెప్పేదట. రెండూ తానే ఖర్చు చేసిననాడు చీవాట్లు తప్పేవి కావట. తరువాత ఆ తల్లి పక్షవాతంతో మంచం పట్టినది. ఆమె కన్నుమూసేవరకు స్నానపానాదులు సైతం ఈ కుమారుడే చూచినాడు. 1947లో దేశవిభజన జరుగగా ఆ కుటుంబం కరాచీ చేరినది.

ఇక్కడ మెమన్ల జమాత్ పద్ధతిని గురించి రెండు మాటలు చెప్పుట అవసరం. ఒక ఊరి నుండి వచ్చిన మెమన్లందరూ ఒక జమాత్‌గా ఏర్పడుతారు. కలిగినవారు చందాలిస్తారు, ఆ ధనంతో తమలోని వితంతువులకు, రోగులకు, చదువుకునే పిల్లలకు సహాయం అందుతుంది. ఈ పద్ధతిని చులకన చేయడం న్యాయం కాదు. ఎవరి ఇంట పొయ్యి వెలుగలేదో, ఎవరి ఇంట పెళ్లి ఆగిపోయినదో జమాత్ పెద్దలకు తెలిసినంతగా ఏ ప్రభుత్వ కార్యాలయానికీ తెలియదు. మన తెలుగునాట పూర్వం వారాలు చేసుకొని చదువుకున్న పేద బ్రాహ్మణ విద్యార్థులను ఆదుకున్నది కూడా ఇటువంటి పరిచయ బంధమే. తెలిసినవాడు తెలిసినవానికి పెట్టిన అన్నం అది.

అయితే మీఠాదర్‌లోని మెమన్ల ధర్మ వైద్యశాలలో స్వచ్ఛంద సేవకుడుగా చేరిన ఈధీకి ఈ పద్ధతిలోని రెండవ పార్శ్వం కనిపించినది. అక్కడ మందులు మెమన్లకు మాత్రమే. అదే సందులో జ్వరంతో పడియున్న మరొక కులంవాడు వస్తే గుమ్మం నుండే మరలిపోవలసినదే. ఇది తప్పని ఆ యువకుడు పెద్దల ముఖం మీదనే అన్నాడు. పెద్దలకు కోపం వచ్చినది. ఆయన బయటికి వచ్చి, అదే పేటలో ఒక చిన్న గది తీసుకొని, ఎవరు వచ్చినా మందు దొరికే దవాఖానా ప్రారంభించినారు. రాత్రివేళ ఎవరైనా తలుపు తడితే పలుకవలెనని గది వెలుపల ఉన్న సిమెంటు బల్ల మీదనే నిద్రించేవారు.

1957లో ఆసియా ఖండమంతటా వ్యాపించిన ఫ్లూ జ్వరం కరాచీని కూడా తాకినది. ఈధీ ఊరి వెలుపల గుడారాలు వేయించి శిబిరాలు నడిపినారు. వైద్య విద్యార్థులు స్వచ్ఛందంగా వచ్చి పనిచేసినారు. ఆ సేవను చూచిన ఒక మెమన్ వర్తకుడు పెద్ద విరాళమీయగా, దానితో ఒక పాత వ్యాను కొన్నారు. అదే ఆ సంస్థ తొలి అంబులెన్సు. దానికి గరీబుల వ్యాను అని పేరు. డ్రైవరు కూడా ఆయనే. రోగులనే గాక, ఎవరూ తాకని అనాథ శవాలను సైతం ఆయన స్వయంగా ఎత్తి, స్నానం చేయించి, ఖననం చేసినారు. తరువాతి కాలంలో అంబులెన్సుల సంఖ్య వెయ్యి దాటినది. ప్రపంచంలో అతి పెద్ద స్వచ్ఛంద అంబులెన్సు సంస్థగా గిన్నిస్ గ్రంథం గుర్తించినది. 1986లో ఈధీ దంపతులకు రామన్ మెగసెసె పురస్కారం లభించినది.

ఇంత పనికి ధనం ఎక్కడిది? ఇస్లామీయ సమాజంలో దానానికి ఏర్పడిన కాలువలు మన పాఠకులలో సగం మందికి విదితమే. తక్కిన సగం మంది కోసం వివరిస్తున్నాము. 87.48 గ్రాముల బంగారం గాని, 612.36 గ్రాముల వెండి గాని, దానికి సరిసమానమైన సొత్తు గాని సంవత్సర కాలం తన వద్ద నిలిచియున్న ముస్లిం అందులో నూటికి రెండున్నర వంతు జకాత్‌గా తీయవలెను. లక్ష రూపాయలకు రెండువేల అయిదువందలు. ఇది దయాధర్మం కాదు, చెల్లింపవలసిన బాకీ వంటిది. రంజాన్ ముగింపులో ఈద్ నమాజుకు ముందు ఇచ్చేది ఫిత్రా. తోచినప్పుడు తోచినంత ఇచ్చేది సదఖా. బక్రీద్ నాడు ఖుర్బానీ ఇచ్చిన పశువు తోలును కసాయివానికి కూలి కింద ఇవ్వరాదు. అమ్ముకొని సొంతానికి వాడుకొనరాదు. కనుక ఆ తోళ్లు ధర్మసంస్థలకు చేరుతాయి. పండుగ మూడు దినాలూ తోళ్లు సేకరించి, ఉప్పు పట్టించి, చెడిపోకముందే వర్తకునికి చేర్చడం సేవకులకు పెద్ద శ్రమ. దుర్వాసనకు జంకేవాడు ఆ పనికి పనికిరాడు! ఇటీవలి సంవత్సరాలలో తోలు ధర బాగా పడిపోయినందున ఆ రాబడి చాలా క్షీణించినది.

ఈ కాలువలలో ఒక సూక్ష్మమున్నది. జకాత్ ఎవరికి చెందవలెనో ఖురాన్‌లో ఎనిమిది వర్గాలుగా నిర్దేశింపబడినది. దానిని ముస్లిం పేదలకే ఈయవలెనని అధిక సంఖ్యాకులైన ధర్మశాస్త్రవేత్తల నిర్ణయం. సదఖాకు ఆ కట్టుబాటు లేదు. ఏ మతంవానికైనా ఈయవచ్చును. కనుక అందరికీ తలుపు తెరచిన సంస్థ రెండు పద్దులు విడివిడిగా వ్రాసుకొనక తప్పదు. మన వంటి అల్పసంఖ్యాక వర్గాల కళాశాలలలో ఇది కేవలం శాస్త్ర చర్చ కాదు. ఉర్దూ తరగతి బెంచీ మీద కూర్చున్న పేదవాడూ, తెలుగు తరగతి బెంచీ మీద కూర్చున్న పేదవాడూ పరీక్ష ఫీజుకు ఒకే గడువు ఎదుర్కొంటారు. పేద విద్యార్థుల నిధి పూర్తిగా జకాత్ సొమ్మే అయితే వారిలో ఒకరికి లేదని చెప్పవలసి వస్తుంది. సదఖా పద్దు వేరుగా పెట్టి, దానికీ దాతలను వెదికినప్పుడే ఆ మాట చెప్పవలసిన అవసరం తప్పుతుంది. కళాశాల కమిటీ పెద్దలు ఈ విషయాన్ని ఆలోచింపగలరని మనవి.

ఈధీ తన దాతలను వీథిలో వెదికినారు. వృద్ధాప్యంలో సైతం రోడ్డు పక్కన కూర్చుండి జోలె పట్టేవారు. రిక్షావాడు వేసిన అణా, గృహిణి విప్పి ఇచ్చిన గాజు, కారు ఆపి ఇచ్చిన నోటు అన్నీ ఆ జోలెలోనివే. ప్రభుత్వ ధనం మాత్రం ఆయన కోరలేదు, ఇవ్వవచ్చినా పుచ్చుకోలేదు. పాకిస్తాన్‌లో 1980 నుండి బ్యాంకు ఖాతాల నుండి జకాత్‌ను ప్రభుత్వమే కోసి తీసుకునే చట్టం వచ్చినది. అటువంటి దేశంలో కూడా జనం విడిగా ఆయన జోలె నింపినారంటే, చట్టానికీ నమ్మకానికీ గల వ్యత్యాసం తెలుస్తున్నది. ఇచ్చేవారు లక్షలాదిగా ఉన్నప్పుడు వారిలో ఏ ఒక్కరూ షరతు పెట్టలేరు. ఏ రోగి ఏ భాష మాట్లాడుతాడని అడగవలసిన పని అప్పుడే ఉండదు. ఒక్క ధనవంతుని మీద ఆధారపడిన సంస్థకు ఈ స్వేచ్ఛ దుర్లభం.

ఆయన భార్య బిల్ఖీస్ గారు ఆ సంస్థలోనే నర్సుగా శిక్షణ పొందినవారు. సంస్థ కేంద్రాల వెలుపల ఊయలలు ఉంచి, కన్నబిడ్డను చంపవద్దు, ఇందులో వదలి వెళ్లండి అని వ్రాయించినారు. వదలినవారెవరని విచారించే పద్ధతి లేదు. ఇట్లు 20,000 మందికి పైగా శిశువులను కాపాడినట్లు చెప్పబడుతున్నది. తల్లిదండ్రుల పేర్లు లేని ఆ పిల్లలకు సంరక్షకులుగా ఈధీ దంపతుల పేర్లే నమోదయ్యేవి. కొందరు మతపెద్దలు దీనిని పాపాన్ని ప్రోత్సహించడమని నిందించినారు. ఊయలలు మాత్రం అట్లే ఉన్నవి.

వారి ఆశ్రయంలో పెరిగినవారిలో వినలేని, మాట్లాడలేని ఒక భారతీయ బాలిక కూడా ఉన్నది. రైలులో దారితప్పి సరిహద్దు దాటిన ఆమె హిందువని గ్రహించి, బిల్ఖీస్ గారు ఆమె పూజకు దేవతా విగ్రహాలు సమకూర్చినారు. 2015 అక్టోబరులో ఆమె స్వదేశం చేరినప్పుడు మన ప్రధానమంత్రి ఆ సంస్థకు కోటి రూపాయలు ప్రకటించగా, ఈధీ కృతజ్ఞతతో నిరాకరించినారు. నది, గుడి, రైలుస్టేషను ఉన్న ఊరు అన్న జ్ఞాపకం తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. ఆ జ్ఞాపకం పట్టుకొని 2020 డిసెంబరులో ఆమెను మన బాసరకు కూడా తీసుకువచ్చి గోదావరి ఒడ్డున చూపించినారు. తల్లి ఆచూకీ మహారాష్ట్రలో తెలిసినట్లు 2021లో వార్తలు వెలువడినవి.

నమ్మకం సంస్థకు బలమే గాని, బరువు కూడా. ఎందరో తమ నగలను, సొమ్మును మీఠాదర్ కార్యాలయంలో అమానత్‌గా దాచుకునేవారు. 2014 అక్టోబరులో సాయుధులైన దొంగలు ఆ కార్యాలయంలో చొరబడి సుమారు 5 కిలోల బంగారాన్ని, నగదును దోచుకొనిపోయినారు. ఆ సమయంలో వృద్ధుడైన ఈధీ అక్కడే ఉన్నారు. వార్త తెలిసిన జనం మరల విరాళాలు పంపినారు.

2016 జూలై 8న ఆయన మరణించినారు. తాను 25 ఏండ్ల క్రితమే త్రవ్వించుకొన్న సమాధిలో, ధరించియున్న దుస్తులతోనే ఖననం చేయించుకొన్నారు, నేత్రాలు దానమిచ్చినారు. ఆ తరువాత విరాళాలు తగ్గినట్లు కుమారుడు ఫైసల్ ఈధీ చెప్పినారు. ఒక మనిషి ముఖం చూచి ఇచ్చేవారు ఆ ముఖం కనుమరుగైతే చేయి వెనుకకు తీసుకుంటారు. ఇది ఏ దేశంలోనైనా జరిగేదే. బిల్ఖీస్ గారు 2022 ఏప్రిల్‌లో పరమపదించినారు. నేడు సంస్థ భారం ఫైసల్ మీదనే ఉన్నది. 2020 ఏప్రిల్‌లో కరోనా వ్యాధి ప్రబలినప్పుడు ఆయన నాటి పాకిస్తాన్ ప్రధాని ఇమ్రాన్‌ఖాన్‌ను కలుసుకొనగా, ఆ భేటీలో కోటి రూపాయల చెక్కు ఒకటి చేతులు మారినది. ఇచ్చినది సంస్థ, పుచ్చుకున్నది ప్రభుత్వ సహాయనిధి.