పింగాణి పలకకు పెచ్చూడినప్పుడు



నేడు నేను ముచ్చటింపబోవు విషయము మీకు మిక్కిలి యల్పముగా తోచవచ్చును. పూర్వము మన యిండ్లలో నేల పేడతో అలుకబడుచుండెను. అలుకు పెచ్చులూడినను మరునాటి యలుకుతో సరిపోయెడిది. ఇల్లాలి చేయియే దానికి మందు. పిదప నాపరాళ్లు వచ్చినవి. ఇప్పుడు పల్లెలయందు సహితము వంటయింటికిని స్నానపుగదికిని పింగాణి పలకలు, అనగా జనులు టైలు లని పిలుచునవి, పరచుచున్నారు. వీనికి పెచ్చూడినచో తాపీపనివాడు వచ్చి, పలక నూడగొట్టి క్రొత్తది వేయవలె ననును. పదియేండ్ల నాటి పలకకు జోడు నేడు అంగడిలో దొరకుట దుర్లభము. కావున పెక్కుమంది దానిని చూచియు చూడనట్లు విడుచుచున్నారు.

నేనును అట్లే విడిచితిని. మా స్నానపుగది వాకిట ఇత్తడి బిందె జారిపడి, పలక యంచున చింతగింజంత పెచ్చు లేచినది. నా యింటియామెకు చిరకాలమునుండి మధుమేహము. అరికాళ్లకు స్పర్శ తగ్గినది. ఒకనాటి సాయంకాలము నేలపై రక్తపుటడుగులు చూచి నేను కేకవేసితిని. ఎవరికి దెబ్బ తగిలిన దని ఆమెయే నన్నడిగెను. తన కాలు తెగిన సంగతి ఆమె యెరుగదు. ఆ గాయము మానుటకు రెండు నెలలు పట్టినది. అటుపిమ్మట నేను ఈ విద్యను నేర్చుకొంటిని. మీరు అంతవరకు ఆగనక్కరలేదు.

చికిత్సకు ముందు నిదానము తెలియవలయును. పింగాణి పలకలో రెండు భాగములు గలవు. లోపలిది కాల్చిన మన్ను. పైది ఆ మంటలోనే కరిగి అంటుకొనిన గాజుపూత. గాజు నీటిని లోనికి పోనీయదు, మన్ను త్రాగును. గోడలకు వేయు సామాన్యపు పలక తన బరువులో నూటికి 10 పాళ్లకు మించి నీరు త్రాగగలదు. నేలకు వేయు విట్రిఫైడ్ పలక నూటికి అర పాలు కూడ త్రాగదు. పెచ్చూడినచోట ఒక నీటిబొట్టు వేసి చూడుడు. అది వెంటనే యింకిపోయెనా, లోపలి మన్ను బయటపడిన దని యర్థము. ఇక సబ్బునీరును మురికియు ఆ త్రోవనే చొచ్చి మరకలు వేయును.

పిమ్మట, కుండను కొనునప్పుడు వ్రేలితో కొట్టి చూచునట్లు, పలకను నాణెముతో తట్టి వినుడు. గట్టిగా పలికినచో మంచిది. డొల్లగా పలికినచో క్రింది సిమెంటు పట్టు విడిచినది; దానికి రంగు పూయుట పుచ్చిన దూలమునకు సున్నము వేయుట వంటిది. అట్లే ఒకే చీలిక వరుసగా నాలుగైదు పలకలమీదుగా సాగినచో, క్రింది నేల కదలుచున్నదేమో యని శంకింపవలయును. ఈ రెంటికిని తాపీపనివాడే శరణ్యము.

ఇక పనిక్రమము. మొదట పెచ్చును సబ్బునీటితో రుద్ది కడిగి, ఒక పగలు ఒక రాత్రి ఆరనీయుడు. తడిపై ఏ మందును పట్టదు. పదునైన యంచును సన్నని నీటి గరుకుకాగితముతో, తడిపి, మెల్లగా రాచుడు. పొడిగా రాచినచో లేచు ధూళి ఊపిరితిత్తులకు మిక్కిలి కీడు. పిమ్మట స్పిరిటుతో తుడిచి జిడ్డు పోగొట్టుడు.

రెండవది గుంట పూడ్చుట. ఉత్త రంగు గుంటను పూడ్చజాలదు. ఇందులకు ఎపాక్సీ యను రెండు భాగముల లుకము అంగళ్లలో దొరకును. డబ్బాపై వ్రాసిన పాళ్లలో రెండును కలిపి, చేతికి తొడుగు వేసికొని, గుంటలో నొక్కి, పాత పోస్టుకార్డు అంచుతో పలకకు సమముగా గీయుడు. చెప్పిన గడువు నిండువరకు ముట్టరాదు. గట్టిపడిన పిదప మరల తడిపి రాచుడు.

మూడవది రంగు. తెల్లపలక యనునది అచ్చముగా తెల్లనిది కాదు; కొంత పసుపో బూడిదయో కలిసియుండును. ఎనామెల్ రంగును ఒక గాజుముక్కపై పూసి, ఆరిన తరువాత పలక ప్రక్క నుంచి, పగటి వెలుతురున పోల్చుడు. తడిరంగును చూచి నిర్ణయింపరాదు. సన్నని కుంచెతో పూడ్చినంతమేరకే పూయుడు. నున్నని గాజుపై పూసిన రంగు త్వరలో పొరలుగా లేచును. ఒక మందపుపూతకంటె రెండు పలుచని పూతలు మేలు. తుదకు పారదర్శకమైన వార్నీషు ఒక పూత వేసి, వారము దినములు నీరు తగులనీయకుండుట మంచిది.

రెండు హెచ్చరికలు. పాతడబ్బాలలోని రంగు వాడకుడు. ఇంటి రంగులలో సీసము పదిలక్షలకు 90 పాళ్లు మించరాదని మన దేశమున 2016లో నియమము చేసి, 2017 నవంబరునుండి అమలుపరచిరి. అంతకు పూర్వపు రంగులలో అది హెచ్చుగా నుండవచ్చును. రెండవది, భోజనపాత్రలకును పొయ్యిసెగ తగులు చోట్లకును ఈ చికిత్స పనికిరాదు.

ఇది శాశ్వతమని నేను చెప్పను. కాలిత్రొక్కిడిలో రంగు అరుగును. అప్పుడు మరల పూయవలయును. రంగు కుదరకున్నను చింతలేదు. అంచు కుదిరిన దాని నొక యుపాయముతో తెలిసికొనుడు. చిన్న దూదిపింజెను ఆ తావుపై మెల్లగా రాచుడు. ఒక్క పోగు చిక్కుకొనినను పని ముగియలేదని యెరిగి, మరల రాచుడు. దూది జారిపోయినచో ముసలికాలును జారక, తెగక, సుఖముగా దాటును. సెలవు.