అడవికోడి ఎందుకు దొరకలేదు?



ఈసారి గోడపత్రికకి నేను అడవికోడి గురించి రాస్తున్నాను. ఇందులో సగం సైన్సు మేడమ్ చెప్పింది, సగం మా తాత చూపించింది. మా తాతకి చదువు రాదు. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేనే.

మన తూర్పు కనుమల్లో, గోదావరికి ఉత్తరాన కనిపించేది ఎర్ర అడవికోడి. దక్షిణం వైపు బూడిదరంగు అడవికోడి ఉంటుంది. మన పెంపుడు కోళ్ళకి మూలం ఎర్ర అడవికోడే అని డార్విన్ 1868లోనే రాశాడు. కాని మన కోళ్ళ కాళ్ళకున్న పసుపురంగు మాత్రం బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో శాస్త్రవేత్తలు కనిపెట్టారు. అంటే మన ఇంటి కోడికి ఇద్దరు తాతలన్నమాట.

అడవిపుంజు మెడ ఎర్రగా, బంగారంలాగ మెరుస్తుంది. తోక నల్లగా ఉండి ఎండలో ఆకుపచ్చగా కనపడుతుంది. బరువు సుమారు ఒక కిలో. కూత మన పుంజు కూతలాగే ఉంటుంది, కాని చివర సాగదీయదు, టక్కున ఆపేస్తుంది. పెట్ట ఎండుటాకు రంగు. కదలకుండా కూర్చుంటే పక్కనే ఉన్నా తెలియదు.

ఇప్పుడు అసలు సంగతి. పాడేరు, అరకు వైపు మా ఊళ్ళల్లో చైత్రమాసంలో ఇటుకల పండగ చేస్తారు. వేరే చోట్ల నుంచి వచ్చినవాళ్ళ కోసం చెప్తున్నాను. ఆ పండగకి విత్తనాలకి పూజ చేస్తారు. మగవాళ్ళు వేటకి పోతారు. వట్టి చేతులతో వస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు పోసి, చింతపిక్కలు విసిరి, ఎగతాళి చేస్తారు. ఆడపిల్లల్ని వేటకి తీసుకుపోరు. కాని పోయిన ఏడాది, నేను ఎనిమిదిలో ఉన్నప్పుడు, తాత నన్ను తీసుకుపోయాడు. ఎందుకంటే తాతకి చూపు ఆనడం లేదు. "నువ్వు చూసి చెప్పు, నేను కొడతాను" అన్నాడు.

ఆ రోజంతా తిరిగినా కోడి దొరకలేదు. ఎందుకు దొరకలేదో వరసగా చెప్తాను.

మొదటి కారణం నేనే. అడవికోడి రాత్రి చెట్టు మీదో వెదురు మీదో పడుకుంటుంది. తెల్లారకముందే కూసి కిందికి దిగుతుంది. ఆ కూత విని మెల్లగా దగ్గరికి పోవాలి. మేము చీకట్లోనే కొండ ఎక్కాము. కూత వినపడింది. నేను ఎండుటాకుల మీద చెప్పులతో అడుగు వేశాను. కరకరమంది. అంతే, మళ్ళీ కూయలేదు. తాత ఏమీ అనలేదు గాని నా చెప్పుల వైపు చూశాడు. తర్వాత చేతిలో పట్టుకుని నడిచాను.

రెండో కారణం మా దీమం కోడి. దీమం కోడి అంటే అడవిపుంజుని రప్పించడానికి కట్టే పెంపుడు పుంజు. అది కూస్తే, తన చోటులోకి ఇంకొకడు వచ్చాడని అడవిపుంజు కోపంగా పోట్లాటకి వస్తుంది. తాత దాన్ని కట్టి, మేము పొద చాటున కూర్చున్నాము. మా పుంజు ఒక్కసారి కూడా కూయలేదు. చెదలు ఏరుకుని తిని, కళ్ళు మూసుకుని నిద్రపోయింది. నాకు నవ్వు వచ్చింది. తాతకి రాలేదు.

మూడో కారణం ఎండ. ఎండ ఎక్కితే కోళ్ళు దట్టమైన పొదల్లోకి పోతాయి. మనిషి అలికిడి అయితే ముందు పరిగెడతాయి, మరీ దగ్గరికి పోతేనే ఎగురుతాయి. మధ్యాహ్నం వరకు ఒక్క ఈక కూడా కనపడలేదు. తెచ్చుకున్న అంబలి అయిపోయింది. కాళ్ళకి ముళ్ళు గుచ్చుకున్నాయి.

నాలుగో కారణం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం ఊట దగ్గర కూర్చున్నప్పుడు నేను పెట్టని చూశాను. బాణం వేసే దూరమే. దాని వెనక పిల్లలు ఉన్నాయి, ఐదో ఆరో. "ఏమైనా కనపడతందా?" అని తాత మెల్లగా అడిగాడు. నేను "లేదు తాతా" అన్నాను.

1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవికోడిని చంపడం, పట్టుకోవడం, దాని గుడ్లు తీయడం నేరం అని మేడమ్ క్లాసులో చెప్పారు. పండగైనా నేరమే. కేసు పడితే తాతని తీసుకుపోతారని భయం వేసింది. ఆ పిల్లల్ని చూస్తే జాలి కూడా వేసింది. పెట్ట సుమారు ఇరవై రోజులు పొదుగుతుంది. తల్లి పోతే ఆ పిల్లలు కూడా బతకవు.

ఊరి మొదట్లోనే ఆడవాళ్ళు బిందెలతో నిలబడి ఉన్నారు. తాత నెత్తి మీద పేడనీళ్ళు పోశారు. మా అత్త నా చేతిలో కూడా చింతపిక్కలు పెట్టింది. నేను విసరలేదు. అందరూ నవ్వుతుంటే తాత కూడా నవ్వాడు. నాకు మాత్రం ఏడుపు వచ్చింది, నా వల్లే కదా అని.

రాత్రి తాతకి నిజం చెప్పేశాను.

"నాకు తెలుసు. పిల్లల్ని పిలిచే తల్లి గొంతు నాకు వినపడదా? కళ్ళు పోయాయి గాని చెవులు పోలేదు" అన్నాడు.

"మరి పేడనీళ్ళు పోశారు కదా?"

"కడుక్కుంటే పోద్ది."

తన చిన్నతనంలో ఆ కొండ మీద తెల్లారితే నాలుగు వైపులా కూతలు వినపడేవట. ఇప్పుడు పొదలు నరికేస్తున్నారు, ఎండాకాలం మంటలు పెడుతున్నారు, ఏడాది పొడవునా ఉచ్చులు వేస్తున్నారు. పండగ ఒక్కరోజుతో కోళ్ళు తగ్గిపోలేదు అంటాడు తాత. మేడమ్ ఇంకొకటి చెప్పారు. మన కోళ్ళు అడవిలోకి పోయి వాటితో కలిస్తే అసలు అడవికోడి జాతి కూడా మారిపోతుందట.

వార్డెన్ మేడమ్, మా తాతని ఏమీ అనుకోకండి. ఆ రోజు ఒక్క ఈక కూడా రాలలేదు. ఈ ఏడాది పండగకి తాత విల్లు తీయలేదు. పేడనీళ్ళు మాత్రం పోయించుకున్నాడు, పండగ కదా అని.

మన హాస్టల్ వెనక కొండ మీద కూడా తెల్లవారుజామున కూత వినపడుతుంది. చివర టక్కున ఆగిపోతే అది అడవికోడే. విన్నవాళ్ళు నాకు చెప్పండి. ఏ రోజు ఎన్ని కూతలో నోటు పుస్తకంలో రాసుకుందాం.

తప్పులుంటే క్షమించండి.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని