మత్తు పరీక్షలు ఎలా చేస్తారు? ఎంతవరకు నమ్మవచ్చు?

గంజాయి, హెరాయిన్, కొకైన్ వంటి మత్తు పదార్థాల గురించి పత్రికల్లో తరచుగా చదువుతున్నాం. "పరీక్షలో పాజిటివ్ వచ్చింది" అనే మాట కూడా చదువుతున్నాం. ఆ ఒక్క మాటతో మనిషి ఉద్యోగమో, పతకమో, పరువో పోవచ్చు. కాబట్టి ఆ పరీక్ష ఎలా చేస్తారు, దానిని ఎంతవరకు నమ్మాలి అనే విషయాలను సైన్సు విద్యార్థులుగా మేము తెలుసుకున్న మేరకు ఇక్కడ వివరిస్తున్నాం.

మన శరీరంలోకి వెళ్ళిన మత్తు పదార్థం రక్తంలో కలుస్తుంది. కాలేయం దానిని వేరే పదార్థాలుగా మారుస్తుంది. అవి ఎక్కువగా మూత్రం ద్వారా బయటకు పోతాయి. కొంత లాలాజలంలోకి, కొంత వెంట్రుకల్లోకి చేరుతుంది. అందుకే పరీక్షకు ఈ నాలుగింటిలో ఏదో ఒకటి తీసుకుంటారు.

రక్తంలో, లాలాజలంలో ఆనవాళ్ళు సాధారణంగా కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజుల వరకే ఉంటాయి. మూత్రంలో హెరాయిన్, కొకైన్ ఆనవాళ్ళు రెండు నుంచి నాలుగు రోజులు ఉంటాయి. గంజాయి సంగతి వేరు. దానిలోని మత్తు పదార్థం కొవ్వులో నిల్వ ఉంటుంది. ఒక్కసారి తాగినవారిలో సుమారు మూడు రోజులు, రోజూ తాగేవారిలో నెల రోజుల వరకు కూడా మూత్రంలో కనిపించవచ్చు. వెంట్రుకల్లో అయితే దాదాపు మూడు నెలల చరిత్ర తెలుస్తుంది. మద్యానికి మాత్రం రోడ్డు మీద పోలీసులు ఊదించే యంత్రం ఉంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ మించితే, 1988 మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం బండి నడపడం నేరం.

ఎక్కువగా చేసేది మూత్ర పరీక్ష. ముందుగా ఒక స్ట్రిప్పును మూత్రంలో ముంచుతారు. అందులో రంగు పూసిన యాంటీబాడీలు ఉంటాయి. మూత్రంలో మత్తు పదార్థం లేకపోతే అవి పైకి పాకి, పరీక్ష గీత దగ్గర అతుక్కుంటాయి, గీత కనిపిస్తుంది. మత్తు పదార్థం నిర్ణీత స్థాయికి మించి ఉంటే యాంటీబాడీలు దానినే పట్టుకుంటాయి, గీత రాదు. అంటే ఇక్కడ గీత వస్తే నెగటివ్, రాకపోతే పాజిటివ్. కరోనా కిట్టులో చూసినదానికి ఇది పూర్తిగా తలకిందులు.

ఈ స్ట్రిప్పు చౌక, ఫలితం నిమిషాల్లో వస్తుంది. కానీ దానికి ఒక బలహీనత ఉంది. యాంటీబాడీ పదార్థం ఆకారాన్ని బట్టి పట్టుకుంటుంది. ఆకారంలో పోలిక ఉన్న మందును కూడా పొరపాటున పట్టుకోవచ్చు. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ వల్ల ఒక్కోసారి యాంఫిటమిన్ పరీక్ష పాజిటివ్ వస్తుంది. మన మసాలాలో వేసే గసగసాలు నల్లమందు తీసే మొక్క గింజలే. వాటిలో కొద్దిపాటి మార్ఫిన్ ఉండవచ్చు. ఈ కారణంగానే అమెరికా ప్రభుత్వం 1998లో తన ఉద్యోగుల పరీక్షల్లో ఈ జాతి మందుల పరిమితిని మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2000కు పెంచింది.

కాబట్టి స్ట్రిప్పు చెప్పేది అనుమానం మాత్రమే. రుజువు కావాలంటే గ్యాస్ క్రొమటోగ్రఫీ – మాస్ స్పెక్ట్రోమెట్రీ వంటి పరీక్ష చేయాలి. ఈ యంత్రం నమూనాలోని పదార్థాలను ఒక్కొక్కటిగా విడదీసి, వాటి అణువులను ముక్కలు చేసి, ఆ ముక్కల బరువులను కొలుస్తుంది. వేలిముద్ర లాగా ఒక్కో పదార్థానికి ఒక్కో ముక్కల వరుస ఉంటుంది. కనుక పోలికతో పొరబడే అవకాశం చాలా తక్కువ.

అయితే ఏ యంత్రమైనా ఒంట్లో ఏముందో చెబుతుంది గాని, అది ఎందుకు చేరిందో చెప్పదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రుమేనియాకు చెందిన పదహారేళ్ళ జిమ్నాస్ట్ ఆండ్రియా రదుకాన్ బంగారు పతకం గెలిచింది. జలుబుకు జట్టు వైద్యుడు ఇచ్చిన మాత్రలో సూడోఎఫెడ్రిన్ ఉంది. పరీక్షలో అది బయటపడి పతకం పోయింది. 2004లో ఆ మందును నిషేధ జాబితా నుంచి తీసివేశారు. 2010 నుంచి నిర్ణీత పరిమితి దాటితేనే తప్పుగా లెక్కిస్తున్నారు. ఆమె పతకం మాత్రం తిరిగి రాలేదు.

మిత్రులారా! రేపు మనలో కొందరు క్రీడల్లోకి, కొందరు సైన్యంలోకి, కొందరు కంపెనీల్లోకి వెళతాం. పరీక్షకు వెళ్ళినప్పుడు వాడుతున్న మందులన్నీ ముందే రాసి ఇవ్వాలి. నమూనా సీసాకు మన కళ్ళ ముందే సీలు వేయించుకోవాలి. స్ట్రిప్పు పాజిటివ్ అంటే నిర్ధారణ పరీక్ష కోరాలి. క్రీడల్లో నమూనాను రెండు సీసాల్లో పోసేది, మొదటిదానిపై సందేహం వస్తే రెండవది తెరిచి చూడటానికే. పేదింటి పిల్లల మీద నింద తేలికగా పడుతుంది, తుడుచుకోవడానికి డబ్బూ పలుకుబడీ ఉండవు. అందుకే ఈ విషయాలు మనకు మరింత అవసరం.

ఒకవేళ ఎవరైనా నిజంగానే అలవాటులో పడితే వెలివేయకండి, వైద్యానికి తీసుకువెళ్ళండి. స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చి దానిని పూర్తి చేసిన వ్యసనపరులకు 1985 మాదకద్రవ్యాల చట్టం 64ఎ సెక్షన్ కొంత రక్షణ ఇస్తుంది. సలహా కోసం 14446 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

నిజం నిలకడ మీద తెలుస్తుందని పెద్దలు అన్నారు. మత్తుకు దూరంగా ఉందాం, ఒక్క గీత చూసి ఎవరినీ దోషిగా నిలబెట్టకుండా ఉందాం.