ఒక్క క్యాసెట్లో వేల ఆటలు... కొనాలా, వద్దా?

వేసవి సెలవులంటే మామిడిపళ్లు, అమ్మమ్మగారి ఊరు, కరెంటు కోత... తొంభైల్లో వీటికి మరొకటి తోడయింది. టీవీకి తగిలించుకునే వీడియోగేమ్! పసుపురంగు క్యాసెట్‌ని ఉఫ్‌మని ఊది, పెట్టెలోకి దూర్చి, టీవీలో ఛానెల్ కుదిర్చితే చాలు... మారియో పరుగులు మొదలుపెట్టేవాడు. (అలా ఊదడం వల్ల మేలు లేదనీ, నోటి తేమకు పిన్నులు తుప్పు పడతాయనీ నింటెండో కంపెనీయే హెచ్చరించింది. విన్నదెవరు?) ఆనాటి పిల్లలిప్పుడు నలభై దాటిన నాన్నలు. అటక మీది పెట్టెను దించి దుమ్ము దులుపుతున్న వాళ్లను ఊరిస్తున్న వస్తువే ఫ్లాష్ కార్ట్రిడ్జ్.

పైకి అచ్చం పాత క్యాసెట్టే. కాకపోతే దానికో మెమరీ కార్డు అమర్చుకోవచ్చు. కంప్యూటర్లోంచి ఆటల ఫైళ్లను కార్డులోకి ఎక్కించి, క్యాసెట్‌ని పెట్టెలో పెడితే తెరమీద జాబితా వస్తుంది. కావలసింది ఎంచుకుని ఆడుకోవడమే. ఒక్క కార్డులో వేల ఆటలు పడతాయా అన్న అనుమానం అక్కర్లేదు. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం కలిపి 40 కిలోబైట్లు. ఇప్పుడు ఫోన్లో తీసే ఒక్క ఫొటో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది!

అసలు తిరకాసు చోటుతో కాదు, చిప్పులతో. నింటెండో 1983లో జపాన్లో విడుదల చేసిన ఫామికామ్ యంత్రం క్యాసెట్లోని ప్రోగ్రామును ఒక్కసారికి 32 కిలోబైట్లే చూడగలదు. పెద్ద ఆటలు కావాలంటే ఎలా? అవసరమైన భాగాన్ని అవసరమైనప్పుడు ముందుకు తోసే ప్రత్యేకమైన చిప్పును క్యాసెట్లోనే పెట్టేవారు. ఒక్కో ఆటలో ఒక్కో రకం. మంచి ఫ్లాష్ క్యాసెట్లో పగటివేషగాడిలాంటి చిప్పు ఉంటుంది. ఏ ఆట పెడితే ఆ ఆటకు తగ్గ వేషం కట్టేస్తుందన్నమాట. ఖరీదంతా అక్కడే. ఉక్రెయిన్‌కు చెందిన ఇంజినీరు ఒకరు రూపొందించిన ఎవర్‌డ్రైవ్ ఈ రకంలో పేరున్నది. అందులో ఖరీదైన రకాల ధర వంద డాలర్లు పైమాటే. రవాణా, కస్టమ్స్ సుంకం కలుపుకుంటే ఇల్లు చేరేసరికి పదివేలు దాటినా ఆశ్చర్యం లేదు. చవకరకం నకళ్లూ దొరుకుతాయి. పాత యంత్రాలు 5 వోల్టులతో నడుస్తాయి, ఇప్పటి చిప్పులకు 3.3 వోల్టులే కావాలి. మధ్యలో సర్దుబాటు ఏర్పాటు ఉండాలి. పైసలకు కక్కుర్తిపడి దాన్ని ఎగ్గొట్టిన క్యాసెట్‌ని ముప్పై ఏళ్ల యంత్రంలో పెట్టడం మంచిది కాదు.

ఇంకో సంగతి. మన ఇళ్లలోకి వచ్చిన పెట్టెల్లో చాలావరకు అసలైన ఫామికామ్‌లు కావు, నకళ్లు. ఆ పసుపు క్యాసెట్లూ అంతే. పైన ‘9999 ఇన్ 1’ అని ఉంటుంది, లోపల చూస్తే కొద్దిపాటి ఆటలే పేర్లు మార్చుకుని తిరిగి తిరిగి వస్తుంటాయి! ఫ్లాష్ క్యాసెట్లు అసలైన యంత్రాలను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. నకలు పెట్టెలన్నిటిలోనూ నడుస్తాయన్న భరోసా లేదు. అటకమీది పెట్టె ఆ కోవదే అయితే అంత డబ్బు పెట్టకపోవడమే తెలివి.

మరి ఆటలు ఎక్కడినుంచి తెచ్చుకోవాలి? చిక్కుముడి ఇదే. క్యాసెట్ కొనడం వేరు, అందులో ఎక్కించేది వేరు. చట్టబద్ధంగా తన దగ్గరున్న ప్రోగ్రాముకు, అది పాడైపోతే పనికొస్తుందని నకలు తీసుకునే వీలు మన కాపీరైటు చట్టం 52వ సెక్షన్లో ఉంది. ఇంటర్నెట్లో దొరికిందల్లా దించుకోవడానికి అది వర్తించదు. పసుపు క్యాసెట్ ఇంట్లో ఉంది కదా అనడానికీ లేదు, అదే దొంగసరుకాయె! నింటెండో డీఎస్ కోసం వచ్చిన ఆర్4 అనే ఫ్లాష్ కార్డు అమ్మకాలను టోక్యో కోర్టు 2009లో ఆపించింది కూడా.

అయితే అవతలి పక్షం వాదననూ కొట్టిపారేయలేం. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో కొనడానికి దొరకవని అక్కడి వీడియోగేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. డబ్బులిస్తామన్నా అమ్మేవాళ్లు లేకపోతే ఏం చేయాలి? పైగా జెల్డా, పోకెమాన్ లాంటి క్యాసెట్లలో ఆట ఎంతవరకు వచ్చిందో గుర్తుపెట్టుకునేందుకు చిన్న బిళ్ల బ్యాటరీ ఉంటుంది. అది ఖాళీ అయిన రోజున పదేళ్ల వయసులో చెమటోడ్చి దాచుకున్నదంతా మాయం. అసలైన క్యాసెట్లు కొని దాచుకున్నవాళ్లకు ఫ్లాష్ క్యాసెట్ నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. తమ ఆటల నకళ్లను, దాచుకున్న వివరాలను విడిగా దొరికే పరికరంతో తీసి కార్డులో భద్రం చేసుకోవచ్చు. అసలు క్యాసెట్ అరగకుండా బీరువాలో ఉంటుంది.

కొత్త ఆటలు కొనుక్కునే దారీ ఉంది. పాత యంత్రాల కోసం ఇప్పటికీ ఆటలు రాసేవాళ్లున్నారు. 2019లో వచ్చిన మైక్రో మేజెస్ కూడా మారియోలాగే 40 కిలోబైట్లే. నలుగురు కలిసి ఆడొచ్చు. ఇలాంటివాటి ఫైళ్లను తయారీదారులే అమ్ముతారు, కొని ఎక్కించుకోవచ్చు. మారియో ఒక్కడే చాలనుకుంటే నింటెండో 2018 నుంచి స్విచ్ యంత్రంలో చందా పద్ధతిన పాత ఆటలను ఇస్తోంది.

ఆర్డరు పెట్టేముందు ఇంట్లో టీవీ వెనక్కి ఒకసారి తొంగిచూడాలి. ఎరుపు, పసుపు, తెలుపు తీగలు పెట్టే రంధ్రాలున్నాయా? చాలా కొత్త టీవీల్లో ఉండటం లేదు. బాతుల్ని కాల్చే తుపాకీ మీద ఆశ పెట్టుకున్నవాళ్లకు ఇంకో చేదు కబురు. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి గడి మెరుస్తుంది. తుపాకీ గొట్టంలోని సెన్సర్ ఆ వెలుగును పట్టుకుంటేనే గురి తగిలినట్టు. ఎల్‌ఈడీ తెరమీద ఆ మెరుపు రెప్పపాటు ఆలస్యంగా వస్తుంది, బాతు ఎగిరిపోతుంది. వెనక బొజ్జ ఉన్న పాత టీవీ దొరికితే తప్ప ఎంత ఖరీదైన క్యాసెట్ పెట్టినా ఒక్క బాతూ పడదు.